ఒకే షెడ్డులో మగవాళ్లకు హెల్పర్ కూలి, ఆడవాళ్లకు ప్యాకింగ్ కూలి: చట్టం దీన్ని ఒప్పుకుంటుందా?

రాజ్యలక్ష్మి_మేడ్చల్ రాశారు:

అందరికీ నమస్కారం. మేడ్చల్ వైపు ఒక విత్తనాల ప్రాసెసింగ్ ప్లాంటులో అకౌంట్స్ చూస్తాను. కూలీల వేతనాల షీట్ నెలనెలా నేనే తయారుచేస్తాను. గ్రేడింగ్ మిషన్ దగ్గర నిలబడి రాళ్లూ పొల్లూ ఏరడం, తూకం వేయడం, ప్యాకెట్లకు సీలు వేయడం, అట్టపెట్టెల్లో సర్దడం... ఈ పనులన్నీ ఆడవాళ్లూ మగవాళ్లూ పక్కపక్కనే నిలబడి చేస్తారు. ఒకే షెడ్డు, ఒకే షిఫ్టు. షీట్‌లో మాత్రం మగవాళ్ల పేరు పక్కన 'హెల్పర్', ఆడవాళ్ల పేరు పక్కన 'ప్యాకింగ్ వర్కర్' అని ఉంటుంది. హెల్పర్‌కు రోజుకు 600, ప్యాకింగ్ వర్కర్‌కు 450.

మేనేజర్‌ను అడిగితే "అది కేటగిరీ రేటమ్మా, ఆడ మగ తేడా కాదు" అన్నారు. ఆ షెడ్డులో ఆడ హెల్పర్ ఒక్కరూ లేరు, మగ ప్యాకింగ్ వర్కర్ ఒక్కరూ లేరు. ఇది చూస్తూ ప్రతి నెలా ఆ షీట్ టైప్ చేయడం నాకు చాలా బాధగా ఉంది. సమాన పనికి సమాన వేతనం అని చట్టం ఉందని చదువుకున్నాం కదా, అది ఇలాంటి చోట పనికొస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కాంట్రాక్టర్_వెంకట్రావు రాశారు:

అమ్మా, నేను లేబర్ కాంట్రాక్ట్ చేస్తాను కాబట్టి మా వైపు మాట కూడా చెప్పాలి. మగవాళ్లకు ఎక్కువ ఇచ్చేది బరువు ఎత్తుతారని. లారీ వచ్చిందంటే ఆ సమయానికి మగవాళ్లే దిక్కు. రాత్రి ఆలస్యమైతే ఉండమన్నా ఉంటారు. ఆడవాళ్లకు ఇంటి దగ్గర పిల్లలు, వంట. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు, కానీ రేటు అన్నీ కలిపి చూసి కడతాం. ఇంకో సంగతి, అందరికీ 600 ఇవ్వాలంటే ఓనర్లు ఆడవాళ్లను తీసుకోవడమే మానేస్తారు. ఉన్న పని కూడా పోతుందేమో ఆలోచించండి.

రాజ్యలక్ష్మి_మేడ్చల్ రాశారు:

వెంకట్రావు గారూ, మా దగ్గర లారీ ఎక్కించేది, దించేది హమాలీలు. వాళ్లకు బస్తాకు ఇంత అని వేరే లెక్క, వేరే వోచర్. హెల్పర్లు బస్తా ముట్టుకోరు. రాత్రి ఉంటే ఓటీ (అదనపు గంటల కూలి) వేరే కాలమ్‌లో వస్తుంది. కాబట్టి ఆ 150 రూపాయల తేడాలో బరువూ లేదు, రాత్రీ లేదు.

అడ్వకేట్_సుధాకర్_గుంటూరు రాశారు:

రాజ్యలక్ష్మి గారూ, కేసు గెలవాలంటే కావలసిన మొదటి ముక్క మీరు ఇప్పుడే చెప్పేశారు. బరువు పనికి వేరే మనుషులు, వేరే లెక్క ఉందన్న సంగతి చాలా ముఖ్యం.

చట్టం సంగతి. 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం. ఆ సెప్టెంబర్ 26న ఆర్డినెన్స్ వచ్చింది, 1976లో అది సమాన వేతన చట్టం అయింది. రాజ్యాంగం 39(డి)లో ఆదేశిక సూత్రంగా, అంటే ప్రభుత్వానికి దారి చూపేదే కానీ కోర్టు సూటిగా అమలు చేయించలేనిదిగా, ఉన్న మాటకు చట్టం రూపం అది. ఇప్పుడు ఆ చట్టం విడిగా లేదు. 2019 వేతనాల కోడ్‌లో కలిసింది. ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 3 మీకు కావలసింది: ఒకే యజమాని దగ్గర అదే పని లేదా అలాంటి పని చేసేవాళ్ల మధ్య జెండర్ కారణంగా వేతనంలో తేడా చూపకూడదు. సమానం చేయడానికి ఎక్కువ ఉన్నవాళ్ల కూలి తగ్గించకూడదని కూడా అందులోనే ఉంది. అంటే 600ను 450కి దించి "ఇప్పుడు సమానమే కదా" అనడానికి లేదు. 450నే 600 చేయాలి.

వెంకట్రావు గారి చివరి మాటకు జవాబు: ఆడవాళ్లని కారణం చూపి ఉద్యోగంలోకి తీసుకోకపోవడాన్నీ అదే సెక్షన్ నిషేధిస్తుంది. ఆచరణలో దాన్ని రుజువు చేయడం కష్టమే, ఆ భయం ఉత్తిది కాదు. కానీ ఆ భయానికి లొంగి 150 రూపాయలు వదులుకుంటే, రేపు ఇంకో 50 కోసినా అదే భయం చూపిస్తారు.

'కేటగిరీ రేటు' అన్న జవాబు మీ మేనేజర్ కనిపెట్టింది కాదు. సుప్రీంకోర్టు దాన్ని 1987లోనే చూసింది. మెకిన్నన్ మెకెంజీ కంపెనీ వర్సెస్ ఆడ్రీ డికోస్టా కేసు. బొంబాయిలో షిప్పింగ్ కంపెనీ. అక్కడ మగ స్టెనోగ్రాఫర్లకు ఒక స్కేలు. పెద్ద ఆఫీసర్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లకు 'కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్' అని పేరు పెట్టి తక్కువ స్కేలు. కంపెనీ మూడు వాదనలు తెచ్చింది. వాళ్లది వేరే కేటగిరీ అంది, యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నాం అంది, మా ఆర్థిక పరిస్థితి బాగోలేదు అంది. కోర్టు మూడింటినీ తోసిపుచ్చింది. పని ఒకటేనా కాదా అని చూసేటప్పుడు విశాలంగా చూడాలి, చిన్నచిన్న తేడాలు పట్టుకోకూడదు, చేయవచ్చని కాగితం మీద ఉన్న పనులు కాకుండా నిజంగా చేస్తున్న పనే చూడాలి అంది. కంపెనీకి డబ్బు లేకపోవడం తక్కువ ఇవ్వడానికి కారణం కాదు అని కూడా చెప్పింది.

అంతకుముందు 1982లో రణధీర్ సింగ్ కేసులో, ఇది ఆదేశిక సూత్రమే అయినా సమానత్వం గురించి చెప్పే 14, 16 అధికరణలతో కలిపి చదివితే కోర్టు ద్వారా అమలు చేయించుకోదగిన హక్కే అని తీర్పు రాసింది మన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. అది ఢిల్లీ పోలీసు డ్రైవర్ల కేసు, ఆడ మగ గొడవ కాదు. కానీ ఈ మొత్తం న్యాయానికి పునాది అక్కడ పడింది. ఆ తీర్పు తెలుగువాడి చేత్తో వచ్చిందని చెప్పుకోవడం నాకు ఎప్పుడూ ఇష్టమే.

మాజీ_ఏఎల్‌ఓ రాశారు:

కార్మిక శాఖలో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌గా చేసి రిటైర్ అయ్యాను. సుధాకర్ గారు చెప్పిన కోర్టు మాట నిజం. తనిఖీకి వెళ్లినప్పుడు మాకు ఏం కనపడేదో చెబుతాను.

1976 చట్టం కింద 'ఫారం డి' అని ఒక రిజిస్టర్ ఉండేది. అందులో కార్మికుల కేటగిరీ, పని వివరం, మగవాళ్లు ఎంతమంది, ఆడవాళ్లు ఎంతమంది, వేతనం ఎంత అని కాలమ్స్. చూడ్డానికి అన్నీ ఉన్నట్టే. కానీ మొదటి కాలమ్‌లో కేటగిరీ పేరు ఏం రాయాలో యజమాని ఇష్టం. హెల్పర్ వరుసలో ఆడవాళ్లు సున్నా, ప్యాకింగ్ వరుసలో మగవాళ్లు సున్నా. ఏ వరుసకు ఆ వరుస చూస్తే తేడా ఎక్కడా కనపడదు. రిజిస్టర్ చూసి సంతకం పెట్టి వచ్చేస్తే అంతా సవ్యమే. షెడ్డులోకి వెళ్లి గంటసేపు నిలబడితేనే అసలు సంగతి తెలుస్తుంది. కానీ ఒక ఆఫీసర్‌కు ఎన్ని మండలాలో, ఎన్ని షాపులో! గంటసేపు నిలబడే తీరిక చాలామందికి దొరకదు.

అందుకే కార్మికుల వైపు నుంచి పని వివరం రాతలో రావాలి. మనం రాసుకోకపోతే వాళ్లు రాసిందే మిగులుతుంది.

నడిగడ్డ_నరేష్ రాశారు:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది గద్వాల దిక్కు. ఫ్యాక్టరీల రిజిస్టర్ అన్న ఉంటది. పొలంల అది కూడా ఉండదు.

మా అమ్మ చిన్నప్పటి సంది కూలికి పోతది. నాటు, కలుపు, పత్తి ఏరుడు ఆడోళ్ల పని. మందు కొట్టుడు, గట్లు చెక్కుడు, మూటలు మోసుడు మగోళ్ల పని. ఆడోళ్ల పనికి ఎప్పుడైనా తక్కువనే. అడిగితే "అది వేరే పని, ఇది వేరే పని" అంటరు. పొద్దంతా నడుము వంచి బురదల నిలబడి నాటు వేసుడు తక్కువ కష్టం ఎట్లయితది? మా దిక్కు సీడ్ పత్తి (విత్తనాల కోసం పండించేది) ఎక్కువ. క్రాసింగ్, అంటే ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు చేత్తో అద్దుడు, అంతా ఆడోళ్లు, చిన్న పిల్లలే చేస్తుండె. వేళ్లు సన్నగ ఉంటయి, ఓపిక ఎక్కువ అని. ఆ ఓపికకు మాత్రం రేటు కట్టలే.

ఒక ముచ్చట చెప్త. ఇప్పుడు కొన్నేండ్ల సంది మన తెలంగాణల నాట్లకు బీహార్, బెంగాల్ నుంచి మగోళ్లు వస్తున్నరు. ఎకరానికి ఇంత అని మాట్లాడుకొని గుంపుగ దిగుతరు. అదే నాటు, అదే బురద. ఇన్నేండ్లు ఆడోళ్లే చేస్తరని చెప్పిన పని మగోళ్లు కూడా చేస్తరని తేలిపోయింది కదా. వాళ్లను చూసి మా ఊరి ఆడోళ్లు కూడా రోజు కూలి బంద్ చేసి ఎకరాకు గుత్తకు పట్టుడు మొదలుపెట్టిన్రు. గుత్త పట్టిన్నాడు చేతికొచ్చే పైసలు వేరే ఉంటయి. పని కొలిచి ఇచ్చే కాడ ఆడ మగ తేడా కనపడకుండ పోతది. ఉపాధి హామీల గూడ గంతే, కొలత ఒకటే, రేటు ఒకటే. రెండు రాష్ట్రాలల్ల ఉపాధి పనిదినాలల్ల సగానికి పైగా ఆడోళ్లవే అంటే ఊకెనే కాదు.

అడ్వకేట్_సుధాకర్_గుంటూరు రాశారు:

నరేష్ గారూ, మీరు చెప్పిన దగ్గరే మన చట్టం ఆగిపోతుంది. ఒప్పుకోవాల్సిన మాట ఇది. మన చట్టంలో ఉన్నది 'అదే పని లేదా అలాంటి పని'. నాటు, మందు కొట్టడం అలాంటి పనులు అని వాదించడం కష్టం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో తెచ్చిన 100వ ఒప్పందంలో ఉన్న మాట 'సమాన విలువ గల పని'. ఇండియా దాన్ని 1958లో ఆమోదించింది. అంటే పని వేరే అయినా, నేర్పు, శ్రమ, బాధ్యత కలిపి చూస్తే విలువ సమానమైతే కూలి సమానం కావాలి. ఆమోదించి ఇంతకాలమైనా ఆ మాట మన చట్టంలోకి రాలేదు. 2019లో నాలుగు చట్టాలు కలిపి కొత్తగా రాసినప్పుడు చేర్చే అవకాశం ఉండింది. చేర్చలేదు. నాకు ఈ కోడ్ మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే.

లీసెస్టర్_అనూష రాశారు:

ఈ 'సమాన విలువ' గురించి ఇక్కడి సంగతి చెబుతాను. బ్రిటన్‌లో 1968లో డాగెన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కార్ల సీటు కవర్లు కుట్టే ఆడవాళ్లు సమ్మె చేశారు. వాళ్ల పనిని నేర్పు అక్కరలేని పని గ్రేడులో వేశారని గొడవ. కార్లకు సీట్లు లేక ఫ్యాక్టరీయే నిలిచిపోయింది. ఆ సమ్మె ఊపులోనే 1970లో సమాన వేతన చట్టం వచ్చింది. కానీ ఆ ఆడవాళ్లు అడిగిన గ్రేడు మాత్రం అప్పుడు ఇవ్వలేదు. మళ్లీ 1984లో సమ్మె చేశాకే వచ్చింది. కుట్టుపని నేర్పు ఉన్న పని అని ఒప్పించడానికి పదహారేళ్లు పట్టింది. సమాన విలువ అన్న మాట బ్రిటన్ చట్టంలో గట్టిగా చేరింది కూడా ఆ రోజుల్లోనే.

దాని ఫలితం ఇప్పుడు కనపడుతోంది. ఆస్డా సూపర్‌మార్కెట్ షాపుల్లో పనిచేసేవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లు, గోడౌన్లలో ఎక్కువమంది మగవాళ్లు. గోడౌన్ వాళ్లకు ఎక్కువ జీతం. షాపు వాళ్లు తమను గోడౌన్ వాళ్లతో పోల్చుకోవచ్చని ఇక్కడి సుప్రీంకోర్టు 2021 మార్చిలో చెప్పింది. అవి వేరువేరు చోట్ల వేరువేరు పనులు, అయినా పోల్చనిచ్చింది. రాజ్యలక్ష్మి గారి షెడ్డులో అయితే అందరూ ఒకే మిషన్ దగ్గర ఉన్నారు. ఆవిడ కేసు దీనికంటే చాలా తేలిక.

అంగన్‌వాడీ_టీచర్ రాశారు:

మరి పోల్చుకోవడానికి మగవాడే లేని చోట ఏం చేయాలి? మా అంగన్‌వాడీల్లో టీచర్లు, ఆయాలు అందరం ఆడవాళ్లమే. పిల్లల బరువు తూచాలి, గర్భిణులకు పాలు గుడ్లు ఇవ్వాలి, యాప్‌లో ఫొటోలు ఎక్కించాలి, ఎన్నికలప్పుడు డ్యూటీ చేయాలి. ఇచ్చేది మాత్రం గౌరవ వేతనం. జీతం అనరు కాబట్టి వేతన చట్టాలు మాకు వర్తించవంటారు. 2023 డిసెంబర్‌లో ఆంధ్రాలో మేం సమ్మెకు దిగితే నలభై రోజులు దాటింది. మధ్యలో ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించారు. ఒక్క ఊరట ఏంటంటే 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) వర్తిస్తుందని గుజరాత్ కేసులో తీర్పిచ్చింది. గ్రాట్యుటీకి ఉద్యోగులం అయితే వేతనానికి ఎందుకు కాదు? ఇదే పని మగవాళ్లు చేస్తుంటే గౌరవంతో సరిపెట్టేవాళ్లా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అడ్వకేట్_సుధాకర్_గుంటూరు రాశారు:

టీచర్ గారూ, సమాన వేతన నిబంధన మీకు సూటిగా సాయపడదు, ఎందుకంటే పక్కన పెట్టి చూపడానికి మనిషి ఉండాలి. మీ దారి యూనియన్ పోరాటం, రెగ్యులరైజేషన్ కేసులు. 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతనం అన్నారు, కానీ అక్కడా రెగ్యులర్ ఉద్యోగితో పోలిక చూపించాలి.

హైటెక్‌సిటీ_కవిత రాశారు:

ఫ్యాక్టరీ, పొలం సంగతి వింటుంటే ఐటీ వాళ్లం అడగడానికి సిగ్గేస్తుంది కానీ అడుగుతాను. మా టీమ్‌లో నాతోపాటు చేరిన అబ్బాయికి నాకంటే చాలా ఎక్కువ ప్యాకేజీ ఉందని అనుకోకుండా తెలిసింది. హెచ్‌ఆర్‌ను అడిగితే మొదట 'జీతాలు చర్చించుకోకూడదని ఆఫర్ లెటర్‌లో ఉంది' అన్నారు, తర్వాత 'మీకు మెటర్నిటీ వల్ల ఎక్స్‌పీరియన్స్ తక్కువ' అన్నారు. ఈ చట్టం మాలాంటి వాళ్లకు వర్తిస్తుందా?

అడ్వకేట్_సుధాకర్_గుంటూరు రాశారు:

వర్తిస్తుంది. కోడ్‌లో ఉద్యోగి అన్న మాటకు సూపర్‌వైజర్, మేనేజర్, టెక్నికల్ పనివాళ్లు అందరూ వస్తారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మీ హెచ్‌ఆర్ వాడిన మాట మాత్రం నన్ను భయపెడుతోంది. పాత చట్టంలో పని ఒకటేనా అని చూడడానికి కొలతలు నేర్పు, శ్రమ, బాధ్యత. కొత్త కోడ్‌లో వీటికి 'అనుభవం' కూడా చేర్చారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ పిల్లల్ని కన్నందుకు విరామం తీసుకున్న ఆడవాళ్లకే ఆ కొలతలో కోత పడుతుంది. దీనికి జవాబు కూడా అదే నిర్వచనంలో ఉంది: ఆ తేడా పని షరతులకు సంబంధించి ఆచరణలో ప్రాముఖ్యం ఉన్నది అయి ఉండాలి. కొన్ని నెలల మెటర్నిటీ సెలవు వల్ల మీరు రాసే సాఫ్ట్‌వేర్ నాణ్యత ఏం మారిందో వాళ్లు చూపించాలి అని మనం వాదించాలి. అడిగింది, వాళ్లు చెప్పింది అంతా ఈమెయిల్‌లో ఉండేలా చూసుకోండి.

సాన్‌హోసే_ప్రసాద్ రాశారు:

కవిత గారూ, కాలిఫోర్నియాలో 2018 నుంచి ఇంటర్వ్యూలో పాత జీతం అడగకూడదు. 2023 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం రేంజి వేయాలి, పదిహేనుమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న కంపెనీలైతే. మొదటి ఉద్యోగంలో తక్కువకు ఒప్పుకున్న అమ్మాయికి ఆ తక్కువే ప్రతి కంపెనీకీ వెంట రాకుండా ఇది కొంత ఆపింది. మన దేశంలో ఇప్పటికీ లాస్ట్ సీటీసీ (పాత కంపెనీలో ఏడాది మొత్తం జీతం) ఎంతో అడిగి, పేస్లిప్పులు మూడు తెమ్మంటారు. చట్టం మార్చేది ఏదైనా ఉంటే ముందు దీన్ని మార్చాలి.

మైదానం_మధు రాశారు:

క్రికెట్‌లో 2022 అక్టోబర్‌లోనే సమానం చేశారుగా, బీసీసీఐ. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6, టీ20కి 3. మిథాలీ రాజ్ ఆడిన రోజుల్లో ఇది ఊహించగలిగామా?

హైటెక్‌సిటీ_కవిత రాశారు:

సంతోషమే మధు గారూ. కానీ అది మ్యాచ్ ఫీజు. అమ్మాయిలకు ఏడాదికి ఎన్ని టెస్టులు పెడుతున్నారో చూడండి. రేటు సమానమైనా పని దొరక్కపోతే చేతికొచ్చేది సమానం కాదు. నరేష్ గారు చెప్పిన సీజన్ కూలికీ దీనికీ ఈ విషయంలో తేడా లేదు.

కాంట్రాక్టర్_వెంకట్రావు రాశారు:

అందరి మాటా చదివాను. హమాలీలు వేరేగా ఉన్నచోట బరువు అన్న కారణం నిలబడదు, అది సరే. కానీ ఒక ప్రశ్న. నాకు ప్లాంటు వాళ్లు ఇచ్చే రేటే రెండు రకాలుగా ఉంటుంది. ఆడ లేబర్‌కు ఇంత, మగ లేబర్‌కు ఇంత అని వర్క్ ఆర్డర్‌లోనే రాసి ఇస్తారు. వాళ్లు అలా ఇస్తే నేను నా జేబులోంచి సమానం ఎలా చేయాలి? తప్పు నాదా, వాళ్లదా?

మాజీ_ఏఎల్‌ఓ రాశారు:

వెంకట్రావు గారూ, ఇద్దరిదీ. కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లకు వేతనం సరిగ్గా అందకపోతే చివరికి ఆ సంస్థ యజమానే చెల్లించాలని కోడ్ చెబుతోంది. కాబట్టి వర్క్ ఆర్డర్ అలా రాసినవాళ్లు తప్పించుకోలేరు. మీరు చేయగలిగింది, ఆ రెండు రేట్ల ఆర్డర్ మీద అభ్యంతరం రాసి ఇవ్వడం.

1982 ఏషియాడ్ కేసు గుర్తు చేస్తాను. ఢిల్లీలో స్టేడియాలు కట్టే కూలీలకు కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. ఆడవాళ్ల చేతికి 7 రూపాయలే వచ్చేవి, మిగతాది జమాదార్లు (కూలీలను తెచ్చే మేస్త్రీలు) మింగేవాళ్లు. పని ఇచ్చింది కాంట్రాక్టర్లకు, మాకేం సంబంధం అని ప్రభుత్వం తప్పించుకోబోతే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సమాన వేతన చట్టాన్ని పాటించేలా చూడాల్సిన బాధ్యత మీదేనంది.

రాజ్యలక్ష్మి_మేడ్చల్ రాశారు:

అందరికీ చాలా ధన్యవాదాలు. ప్లాంటులో ఇద్దరు ముగ్గురు అక్కలతో మాట్లాడాను. తేడా ఉందని వాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు, అది తప్పని తెలియదు. ఫిర్యాదు చేస్తామంటున్నారు కానీ పనిలోంచి తీసేస్తారని టెన్షన్ పడుతున్నారు. ఎవరికి, ఎలా ఇవ్వాలి? ఎంతకాలం వెనక్కి అడగొచ్చు? నేను వేతనాల షీట్ ఫొటో తీసి ఇస్తే సరిపోతుందా?

అడ్వకేట్_సుధాకర్_గుంటూరు రాశారు:

ముందు చివరి ప్రశ్న. షీట్ ఫొటో తీయవద్దు. అది మీ ఉద్యోగానికి ముప్పు, అవసరమూ లేదు. రిజిస్టర్లు తెమ్మని సంస్థను అడిగే అధికారం విచారణ అధికారికి ఉంటుంది. తక్కువ వేతనం ఇచ్చారన్న క్లెయిమ్ వచ్చాక, ఇవ్వాల్సింది ఇచ్చామని చూపాల్సిన భారం యజమాని మీదే ఉంటుంది.

క్లెయిమ్ మూడేళ్ల లోపు వేయాలి. గెజిటెడ్ ఆఫీసర్ హోదాకు తగ్గని అధికారి వింటారు. అర్హమైతే బాకీతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేయొచ్చు. పని ఒకటేనా కాదా అన్న వివాదం వస్తే దాన్ని తేల్చడానికి కూడా ప్రభుత్వం నియమించిన అధికారి ఉంటారు. తక్కువ వేతనం ఇచ్చినందుకు యాభై వేల వరకు జరిమానా ఉంది. ఐదేళ్లలోపు మళ్లీ చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

భయం గురించి: ఒక్కొక్కరు విడిగా వేయాల్సిన పని లేదు. సభ్యులుగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్ వాళ్ల తరఫున వేయొచ్చు, ఇన్‌స్పెక్టర్ కూడా వేయొచ్చు. పదిమంది పేర్లు ఒకే దరఖాస్తులో ఉంటే ఒక్కరిని ఏరి తీసేయడం కష్టం. అందరూ కలిసి సభ్యత్వం తీసుకున్నాకే కాగితం కదిలించండి.

మాజీ_ఏఎల్‌ఓ రాశారు:

దరఖాస్తులో 'మాకు అన్యాయం జరుగుతోంది' అని నాలుగు పేజీలు రాయొద్దమ్మా. ఏ తేదీన, ఏ మిషన్ దగ్గర, ఏ షిఫ్టులో, పక్కన ఏ హెల్పర్ ఉన్నాడు, ఇద్దరూ ఏం చేశారు, ఎవరికి ఎంత ఇచ్చారు. ఇంతే రాయండి. హమాలీల లెక్క వేరే అని తప్పకుండా ఒక వాక్యం ఉండాలి. ఆ అక్కల్లో రాయగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ రోజు నుంచే నోట్‌బుక్‌లో రాసుకోమనండి. వేతన చీటీలు ఉన్నాయా?

రాజ్యలక్ష్మి_మేడ్చల్ రాశారు:

చీటీలు ఇవ్వడం లేదు సార్. బ్యాంకులో పడుతుంది, మెసేజ్ వస్తుంది.

మాజీ_ఏఎల్‌ఓ రాశారు:

వేతన చీటీ ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదే, కోడ్‌లో ఉంది. మొదటి కాగితం దాని మీదే ఇవ్వమనండి. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి అడగొచ్చు, అది అందరి హక్కు కాబట్టి ఎవరికీ భయం ఉండదు. చీటీలు వచ్చాక అందులో కేటగిరీ, రేటు రెండూ అచ్చులో ఉంటాయి. బ్యాంకు మెసేజ్‌లు డిలీట్ చేయొద్దని మాత్రం ఇప్పుడే చెప్పండి.